నూటికి మూడు రూపాయల ముప్పావలా

పండగ ఖర్చుల బిల్లులు చేతికొచ్చే వారం కదా, క్రెడిట్‌ కార్డు లేట్‌ ఫీజుల మీద కవర్‌ స్టోరీ ఇమ్మని ఎడిటర్‌ పురమాయించారు. గురువారం సాయంత్రానికల్లా కాపీ కావాలి. “హైదరాబాద్‌ గోల అందరూ రాస్తారు, మన బూర్గంపాడు వైపు చూడు” అన్నారు. చూడదగ్గ చోటే. సారపాకలో పేపర్‌ మిల్లు, నెల తిరిగేసరికి జీతాలు. కాస్త పక్కకి జరిగితే పత్తి, మిర్చి చేలు, పంట అమ్మితేనే డబ్బు. ఒకే మండలంలో రెండు రకాల ఆదాయాలు. కార్డుకి మాత్రం నెల ఒక్కటే తెలుసు.

ఈ వైపు అప్పు మాట వస్తే మొదటి ప్రశ్న “ఎంత వడ్డీ?” అనే. జవాబు శాతాల్లో ఉండదు. రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటారు, అంటే నూటికి, నెలకి. రెండైతే మామూలే. మూడంటే ముఖం చిట్లిస్తారు. ఐదంటే వేరే దారి లేనివాడే తీసుకుంటాడు. ఇదే కొలతతో కార్డు స్టేట్‌మెంట్‌ చివరి పేజీ చదివాను. చాలా కార్డుల మీద చిన్నక్షరాల్లో కనిపించే అంకె నెలకి 3.75 శాతం. నూటికి మూడు రూపాయల ముప్పావలా, ఏడాదికి 45. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఊళ్లో వడ్డీ వ్యాపారిని ఎన్ని తిట్టినా, జీఎస్టీ మాత్రం అడగడు.

అసలు కథంతా ఆ స్టేట్‌మెంట్‌ మొదటి పేజీలోనే ఉంది. పక్కపక్కనే రెండు గడులు. ఒకదాంట్లో ‘టోటల్‌ అమౌంట్‌ డ్యూ’, రెండోదాంట్లో ‘మినిమమ్‌ అమౌంట్‌ డ్యూ’. చూపు చిన్న అంకె మీదే పడుతుంది. పడాలనే అలా పెట్టారని నా అనుమానం. లెక్క కోసం ఒక బిల్లు తీసుకుందాం. జూన్‌ 5న 20,000 రూపాయలకి ఫోన్‌ కొన్నారు. జూన్‌ 15న బిల్లు తయారైంది, గడువు జూలై 5. మినిమమ్‌ 5 శాతం చొప్పున 1,000. గడువు రోజున ఆ వెయ్యి కట్టేశారు. లేట్‌ ఫీజు పడలేదు, ఫోన్లో ధన్యవాదాలు కూడా వచ్చాయి. జూలై 15న కొత్త బిల్లు వచ్చింది.

వడ్డీ జూలై 5 నుంచి మొదలవుతుందనుకుంటారు. కాదు, ఫోన్‌ కొన్న జూన్‌ 5 నుంచే. 20,000 మీద 30 రోజులకి 740, మిగిలిన 19,000 మీద 10 రోజులకి 234, మొత్తం 974. దాని మీద జీఎస్టీ 175. బాకీ 20,149 అయింది. వెయ్యి కట్టాక అప్పు 149 పెరిగింది! పాత బాకీ తీరేదాకా, కొత్తగా కొన్న కిలో చక్కెరకీ కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మినిమమ్‌ మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలు, ఏళ్లు పడతాయన్న హెచ్చరికని స్టేట్‌మెంట్‌ మీద అచ్చు వేయాలని రిజర్వు బ్యాంకే ఆదేశించింది. హెచ్చరిక ఉంటుంది. ఆ రెండు గడులంత పెద్దగా ఉండదు.

నాకు బాగా నచ్చిన కాగితం ఇంకొకటి ఉంది: రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జారీ చేసిన కార్డుల ఆదేశాలు. గడువు దాటి మూడు రోజులు మించితేనే లేట్‌ ఫీజు వేయాలి, క్రెడిట్‌ బ్యూరోలకి ‘బకాయి’ అని రాయాలి అంటుంది అందులో ఒక వాక్యం. 5న కట్టాల్సింది 8న కట్టినా లేట్‌ ఫీజు పడకూడదు. 9న కడితే మాత్రం ఆలస్యాన్ని 5 నుంచే లెక్కిస్తారు. ఫీజు కూడా మొత్తం బిల్లు మీద కాదు, గడువు నాటికి కట్టకుండా మిగిలిన దాని మీదే. 20,000 బిల్లుకి 500 కట్టి ఆగిపోతే 19,500ని బట్టి వేయాలి. ఆ స్థాయి బాకీకి చాలా బ్యాంకులు వెయ్యి రూపాయలకి కాస్త అటూఇటూగా వేస్తాయి. అయితే ఈ మూడు రోజుల ఊరట వడ్డీకీ ఉంటుందని ఆ వాక్యం ఎక్కడా అనలేదు.

ఈ ఆదేశాలు అమల్లోకి వచ్చింది 2022 జూలై 1న. అదే నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, బూర్గంపాడు నీళ్లలో మునిగింది. అలాంటి వారంలో మూడు రోజులు ఏ మూలకి?

చరిత్ర రెండు ముక్కల్లో: మన దేశంలో కార్డులు మొదలైంది 1980 ప్రాంతంలో. తొలి అడుగులు వేసినవాటిలో మన ఆంధ్రా బ్యాంకు ఉంది, 1981లో. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌ 1న యూనియన్‌ బ్యాంకులో కలిసిపోయింది. 2022లో రూపే క్రెడిట్‌ కార్డుని యూపీఐకి కలిపాక కిరాణా కొట్టు క్యూఆర్‌ స్టిక్కర్‌ మీద కూడా అప్పు పుడుతోంది. ఖాతాలోంచి పోతోందా, కార్డులోంచి పోతోందా అన్నది స్కాన్‌ చేసే క్షణంలో ఎవరు చూస్తారు?

నా అభిప్రాయం దాచను. మిల్లు ఉద్యోగికి కార్డు పనికొస్తుంది, గడువు జీతం తర్వాత పడేలా చూసుకుంటే. పత్తి రైతుకి పనికిరాదు. గడువు ప్రతి నెలా వస్తుంది, పత్తి డబ్బు రాదు. డ్వాక్రా వాయిదా తప్పకపోవడానికి పక్కింటి అక్క అడుగుతుందన్న భయం ఒక కారణం. కార్డు విషయంలో అడిగే అక్క లేదు, ఎస్సెమ్మెస్‌ తప్ప. కాగితం తయారయ్యే ఊళ్లో బిల్లు కాగితం కూడా ఇంటికి రావడం తగ్గి, మెయిల్‌లో పీడీఎఫ్‌గా పడుంటోంది.

తేదీ మార్చుకోవచ్చు

బిల్లింగ్‌ తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే వీలు ఖాతాదారుకి ఇవ్వాలని నిబంధన. జీతం 7న పడేవాళ్లు గడువు 10 తర్వాత వచ్చేలా అడగొచ్చు. కస్టమర్‌ కేర్‌ వాళ్లు తమంతట తాము చెప్పరు.

ఆటో పే పెట్టేటప్పుడు

టోటల్‌, మినిమమ్‌ అని రెండూ అడుగుతుంది. మినిమమ్‌ ఎంచుకుంటే పైన చెప్పిన 149 కథే. టోటల్‌ పెట్టి ఖాతాలో డబ్బు లేకపోతే ఇటు ఖాతా బ్యాంకు బౌన్స్‌ ఛార్జీ, అటు కార్డు వాళ్ల లేట్‌ ఫీజు. యాప్‌లో సొంతంగా కట్టేవాళ్లు రెండు మూడు రోజుల ముందే కట్టాలి, డబ్బు కార్డు ఖాతాలో జమ కావడానికి ఒక్కోసారి సమయం పడుతుంది.

వద్దనుకుంటే

బాకీ అంతా కట్టి కార్డు మూసేయమంటే ఏడు పని దినాల్లో మూయాలి. ఆపైన రోజుకి 500 రూపాయలు బ్యాంకే మనకి కట్టాలి. ఫీజు తప్పుగా పడిందనుకుంటే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఖర్చు లేదు. సందేహాలకి 14448కి ఫోన్‌ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.