రేపటి విద్యుత్తు అవసరము: రిఫ్రిజిరేటరు, ఇంటికప్పు

ఒక విద్యుత్కేంద్రమును తలపెట్టి, నిర్మించి, నడుపుటకు పది సంవత్సరములైనను పట్టవచ్చును. కావున పది, పదునైదేండ్ల తరువాత ప్రజలకు ఎంత విద్యుచ్ఛక్తి కావలసివచ్చునో నేడే అంచనా కట్టవలెను. ఇందుకు సులభమైన పద్ధతి యొకటి కలదు. గడచిన సంవత్సరముల వినియోగమును గ్రాఫు కాగితముపై గుర్తించి, ఆ గీతను ముందునకు పొడిగించుటయే. ఈ పద్ధతి ఎట్లు దారి తప్పించునో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు అనుభవము తెలుపుచున్నది.

1970 ప్రాంతమున ఆ రాష్ట్రములో విద్యుత్తు వాడుక ఏటేట దాదాపు 6 శాతము చొప్పున పెరుగుచుండెను. చక్రవడ్డీ లెక్క తెలిసిన విద్యార్థి 70ని 6చే భాగించి చూచినచో, ఇంచుమించు పండ్రెండేండ్లకు వాడుక రెట్టింపగునని గ్రహింపగలడు. గీతను పొడిగించినవారికి కొత్త అణు విద్యుత్కేంద్రములు అనేకము అవసరమని తోచెను. 1973లో చమురు సంక్షోభము వచ్చిన పిమ్మట ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అను భౌతికశాస్త్రవేత్త ఈ సమస్యను చేపట్టెను. ఈయన ఎన్రికో ఫెర్మీ శిష్యుడు. అంతవరకు పరమాణువులోని కణములపై పరిశోధన చేసినవాడు. ఆయన గీతను ప్రక్కకు పెట్టి, ఆ విద్యుత్తు ఏ వస్తువులలోనికి పోవుచున్నదని ప్రశ్నించెను.

ఇండ్లలో పెద్ద తిండిపోతులలో ఒకటి రిఫ్రిజిరేటరు. ఆనాటి కొత్త అమెరికన్ రిఫ్రిజిరేటరు ఏడాదికి సుమారు 1,800 యూనిట్లు వాడుకొనుచుండెను. అది ఎక్కువ చల్లదనము నిచ్చుటవలన కాదు. గోడలలోని ఉష్ణబంధకము పలుచన. కంప్రెసరు మోటారు నాసిరకము. వెలుపలి వేడి ఎడతెగక లోనికి చొరబడుచుండగా మోటారు దానిని బయటికి తోడుచుండెను. చిల్లుపడిన పడవలోని నీటిని తోడినట్లే. మంచి మోటారు పెట్టుటకగు ఖర్చు తయారుచేయువానిది, నెలనెలా బిల్లు కొన్నవానిది. కొనువానికి అంగడిలో ధర కనబడును గాని బిల్లు కనబడదు. ఇట్టి లోపమును బజారు తనంతట తాను దిద్దుకొనునని ఎదురుచూచుట వృథా.

1974 నాటి చట్టముచే ఏర్పడిన కాలిఫోర్నియా ఇంధన సంఘము ఆ దశాబ్దము ముగియకముందే రిఫ్రిజిరేటర్లకును, కొత్తగా కట్టు ఇండ్లకును కనీస ప్రమాణములు విధించెను. తరువాత దేశమంతటికిని వర్తించు ప్రమాణములు వచ్చి 1990, 1993, 2001 సంవత్సరములలో అంచెలంచెలుగా బిగిసెను. గోడలలో పాలియూరితేన్ నురుగు చేరెను, మోటార్లు మెరుగుపడెను. 2001 నాటికి మునుపటికంటె పెద్దదైన రిఫ్రిజిరేటరు ఏడాదికి 500 యూనిట్లతోనే సరిపెట్టుకొనెను. ధర మండిపోవునని పలువురు భయపడిరి గాని, రూపాయి విలువవలెనే తగ్గుచుండు డాలరు విలువను లెక్కలోనికి తీసికొన్నచో ధర తగ్గినది. కాలిఫోర్నియాలో తలసరి విద్యుత్తు వాడుక మూడు దశాబ్దములకు పైగా ఇంచుమించు నిలకడగా ఉండిపోయెను. ఈ ఘనత అంతయు ప్రమాణములదే యనుట సరికాదు. అచటి శీతోష్ణస్థితి, విద్యుత్తు ధరలు, పరిశ్రమల తీరు కూడ కొంత కారణములు. అయినను రిఫ్రిజిరేటరు విషయమున వాదమునకు తావు లేదు.

ఇచట ఒక మెలిక యున్నది. ప్రమాణము కొత్త వస్తువులకే వర్తించును. రిఫ్రిజిరేటరు పదునైదేండ్లు మన్నుననుకొన్నచో ఏటికి పదునైదింట ఒక వంతు మాత్రమే మారును. నేడు చేసిన నియమపు పూర్తి ఫలము పదునైదేండ్లకు గాని చేతికందదు. ఇల్లు ఏబది, అరువది ఏండ్లు నిలుచును. కనుక నాసిరకముగా కట్టిన ఇల్లు రెండు తరముల బిల్లును ముందే వ్రాసిపెట్టుచున్నది. ఎయిర్ కండిషనర్లలో పెక్కింటిని ఇంకను కొనవలసియున్న మన దేశమునకు ఈ లెక్క మరింత ముఖ్యము.

మన దేశములో 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చెను. 2006లో నక్షత్రముల చీటీలు మొదలయ్యెను. ఎయిర్ కండిషనరు ఒక ఋతువంతటిలో తొలగించిన ఉష్ణమును, అందుకు వాడిన విద్యుత్తుచే భాగించిన సంఖ్యయే దాని దక్షతకు కొలత. అయిదు నక్షత్రములకు 2018లో ఇది 4.5 ఉండిన చాలును. 2022 జూలై నుండి 5.0 కావలెననిరి. ఒక్క నక్షత్రమునకు అప్పుడు 3.3 చాలును. టన్నున్నర యంత్రము పూర్తిగా పనిచేయునపుడు సుమారు 5.2 కిలోవాట్ల ఉష్ణమును తోడును. స్థూలముగా 3.3చే భాగించిన 1.6 కిలోవాట్లు, 5చే భాగించిన 1 కిలోవాటు. తేడా అర కిలోవాటుకు పైనే. ఇట్టి పది లక్షల యంత్రములు ఒకేసారి తిరిగినచో రామగుండములోని 500 మెగావాట్ల యూనిట్టు ఒకటి ఆ తేడాకే సరిపోవును.

యంత్రము తోడవలసిన వేడిని తగ్గించుట రెండవ మార్గము. అది ఇంటికప్పు పని. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గదిపై ఆరంగుళముల కాంక్రీటు శ్లాబు ఉన్నదనుకొందము. వేసవి యెండలో దాని పైభాగము 60 డిగ్రీలు, గది 26 డిగ్రీలు. అట్టి శ్లాబులో చదరపు మీటరుకు, ఒక్కొక్క డిగ్రీ తేడాకు, సుమారు 3.3 వాట్ల వేడి ప్రవహించును. 16ను 34చే, ఆ లబ్ధమును 3.3చే హెచ్చవేయగా దాదాపు 1,800 వాట్లు. గదిలో చిన్న గీజరు ఒకటి వెలిగించినట్లే. 2018 డిసెంబరులో వెలువడిన ఎకో నివాస్ సంహిత అను గృహనిర్మాణ నియమావళి ఈ 3.3ను 1.2కు మించరాదని చెప్పుచున్నది. అపుడు వేడి 650 వాట్లకు దిగును. ఇది నిలకడ స్థితికి వేసిన లెక్క. నిజమునకు శ్లాబు వేడిని దాచుకొని కొన్ని గంటలు ఆలస్యముగా విడుచును. అందుచే సూర్యుడు క్రుంకి, సౌరవిద్యుత్తు ఆగిపోయిన వేళకే గది ఉడుకెత్తును. సరిగా అప్పుడే ఇంటింటను యంత్రములు తిరుగును.

ఈ నియమావళిని అమలు జరుపవలసినవి రాష్ట్రములు, పురపాలక సంఘములు. ప్లాను చేతబట్టి కట్టడము వద్దకు పోయి చూచువారు లేనిచో 1.2 అను సంఖ్య కాగితముపైననే యుండును. పైగా అది కొత్త ఇండ్లకు మాత్రమే. ఉన్న ఇండ్లకు మిద్దెపై తెల్లని పూత వేయుట చవుకైన ఉపాయము. తెలుపు ఎండను త్రిప్పికొట్టుటచే 60 డిగ్రీల ఉపరితలము పెక్కు డిగ్రీలు దిగును. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు ఆధారమిదే. ఒకే ఎండలో పక్కపక్కనున్న సున్నము పూసిన మిద్దెకును, పూయని మిద్దెకును ఉష్ణమాపకమును ఆనించి మధ్యాహ్నము రెండు గంటలకు, రాత్రి ఎనిమిదింటికి విద్యార్థులు కొలిచినచో, పై లెక్కలోని 34 ఎంత తగ్గునో వారే వ్రాసికొనగలరు.