మెదడు శస్త్రచికిత్సలో విద్యుత్ పరికరాలు – భద్రత
మెదడు శస్త్రచికిత్సలో కోత కన్న రక్తస్రావ నియంత్రణే కఠినం. 1926లో బోస్టన్‌లో హార్వే కుషింగ్, విలియం బోవీ రూపొందించిన విద్యుత్ పరికరంతో రక్తనాళాలను మూసివేస్తూ, శస్త్రసాధ్యం కావని భావించిన కణితులను తొలగించాడు. అయితే ఏకధ్రువ విద్యుత్తు రోగి దేహం గుండా ప్రవహిస్తుంది. దాని వేడి పక్కనున్న నాడీకణజాలానికి పాకవచ్చు. లియొనార్డ్ మాలిస్ అభివృద్ధి చేసిన ద్విధ్రువ పట్టకారులో విద్యుత్తు రెండు మొనల నడుమే ప్రవహిస్తుంది. మొనలకు కణజాలం అంటుకుంటే, లాగినప్పుడు నాళం మళ్లీ తెగుతుంది. అందుకే సెలైన్ ధార.

ఎంత మెరుగైన పట్టకారైనా వాక్కును నడిపే ప్రాంతం ఎక్కడుందో తెలుపజాలదు. అందుకు రోగి మెలకువ కావాలి. ఉప్పలగుప్తం మొదలైన కోనసీమ మండలాలకు 2022 వరకు జిల్లా కేంద్రమైన కాకినాడలో, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వైద్యులు 2024లో రోగికి ‘అదుర్స్’ చిత్రం చూపుతూ కణితిని తొలగించారు. వార్తలకు సినిమాయే ప్రధానమైంది. వైద్యపరంగా ప్రధానమైనది రోగి స్పందన: మాట తడబడినా, చేయి సడలినా పరికరాన్ని అక్కడే ఆపవలసి ఉంటుంది.