ఫస్ట్ ర్యాంకు మనుషుల అలసట

బడిలో ఫస్టు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు, చదువు పూర్తికాకముందే ఉద్యోగం, ముప్ఫై నిండేసరికి టీమ్ లీడ్. ఇలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి, ఒక్క మెయిల్ కూడా చదవలేక గంటసేపు అలాగే కూర్చుండిపోతే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. తనకీ అర్థం కాదు. దీన్నే బర్నౌట్ అంటున్నారు. దాని చుట్టూ అల్లుకున్న కొన్ని అపోహలు సాయం అందాల్సినవాళ్ళను సాయానికి దూరంగా నిలబెడుతున్నాయి.

అపోహ: పని చేతకానివాళ్ళకే ఇలా అవుతుంది.

వాస్తవం: దీని గురించి 1974లో వ్యాసం రాసిన న్యూయార్క్ సైకాలజిస్టు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ స్వయంగా దీని బారిన పడ్డవాడే. పగలు సొంత ప్రాక్టీసు, సాయంత్రాలు పేదల ఉచిత క్లినిక్‌లో సేవ. తనతోపాటు అక్కడ ప్రాణం పెట్టి పనిచేసినవాళ్ళే డీలా పడిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. బాగా పనిచేసేవాళ్ళలో దీన్ని పసిగట్టడమూ కష్టమే. నిద్ర చెడుతుంది, తిండి తగ్గుతుంది, పిల్లలు పలకరిస్తే విసుగొస్తుంది, అయినా ఆఫీసు పని మాత్రం టంచనుగా అయిపోతూనే ఉంటుంది. అందుకే పైవాళ్ళు మరో ప్రాజెక్టు చేతిలో పెడతారు.

అపోహ: నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే అదే పోతుంది.

వాస్తవం: ఒట్టి అలసటైతే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా నిర్వచించింది. అందులో మూడు లక్షణాలున్నాయి: ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, నావల్ల ఏమీ కావడం లేదనిపించడం. సెలవు మొదటిదాన్ని కొంత తీరుస్తుంది. మిగతా రెండూ సోమవారం పొద్దున మన సీటు దగ్గరే ఎదురుచూస్తుంటాయి.

ఒక జాగ్రత్త. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. పనే కాదు, ఇష్టమైన పాటా స్నేహితులూ కూడా రుచించకపోతే, బతకాలని లేదనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవాలి.

అపోహ: ఇష్టమైన పనికి గంటల లెక్కేమిటి?

వాస్తవం: గుండెకు ఆ లెక్క ఉంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకు 35-40 గంటలు చేసేవాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి.

అపోహ: థెరపీ అంటే డబ్బిచ్చి కష్టాలు చెప్పుకోవడం. నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది.

వాస్తవం: కష్టం చెప్పుకోవడం ఆరంభం మాత్రమే. 1960లలో సైకియాట్రిస్టు ఆరన్ బెక్ రూపొందించిన ఆలోచనల చికిత్సనే తీసుకోండి. "నేను చూడకపోతే ఈ పని పాడైపోతుంది" అని మీరు నమ్ముతున్నారనుకుందాం. థెరపిస్టు ఆ నమ్మకంతో వాదనకు దిగరు. పరీక్షించి చూడమంటారు. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చిన మెసేజ్‌కు పొద్దున జవాబివ్వండి, ఏం జరిగిందో రాసుకురండి అంటారు. చాలాసార్లు ఏమీ జరగదు. ఆ "ఏమీ జరగలేదు"ను కళ్ళతో చూడటమే మందు. మెల్లగా సంభాషణ ఇంకా వెనక్కి వెళ్తుంది, మార్కులొచ్చిన రోజే ఇంట్లో ముఖాలు వెలిగిన బాల్యం దాకా. గెలవని రోజున కూడా నేను మనిషినేనన్న నమ్మకం అక్కడ మొదలుపెట్టి కట్టుకోవాలి.

ఐదుగురి పని ఇద్దరిచేత చేయించే ఆఫీసును థెరపీ మార్చలేదు. అక్కడ మారాల్సింది యాజమాన్యం. కానీ దేన్ని కాదనాలో, ఎప్పుడు బయటికి రావాలో తేల్చుకునే బలం థెరపీ ఇవ్వగలదు.

ఇక పరువు సంగతంటారా, థెరపీలో మీరు చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఫస్ట్ ర్యాంకు మనుషులు థెరపీని కూడా పరీక్షలాగే రాస్తారు. ఇచ్చిన హోంవర్కంతా పొల్లుపోకుండా చేసి, మెప్పుకోసం చూస్తారు. ఏదో ఒక వారం అది చేయకుండానే వెళ్ళి, "ఈసారి నావల్ల కాలేదండీ" అని తడబడకుండా చెప్పగలిగితే, చికిత్స పనిచేయడం మొదలైనట్టే.