జాషువా: ఒక పేరు, రెండు రిజిస్టర్లు

ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులను మోషే తర్వాత నడిపినవాడు యెహోషువ. ఇంగ్లీషులో ఆయనే జాషువా. యేసు అన్నది కూడా ఆ హీబ్రూ పేరు కురచ రూపం నుంచే వచ్చింది. ‘గబ్బిలం’ (1941) రాసిన గుర్రం జాషువా (1895–1971), జింబాబ్వే విముక్తి నాయకుడు జాషువా ఎన్‌కోమో (1917–1999) ఈ పేరుగలవాళ్లే.

1890లలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పనిచేశాడు. అట్లాంటి మిషన్ల వెంట నల్లగొండ, పాలమూరు వాడల్లోకి బైబిలు పేర్లొచ్చినయి. మాల మాదిగల పేరుకు ‘గాడు’ తగిలించి పిలిచే దొరల రాజ్యంలో బాప్తిస్మం పేరంటే ఆత్మగౌరవమే.

ఆ పేరుకు 1950 నుంచి వెల కట్టాల్సొస్తున్నది. ఆ ఏటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. వాళ్లకు మిగిలింది బీసీ-సీలో ఒక్క శాతం. అందుకే ఒకే మనిషి చర్చి రిజిస్టర్ల జాషువా, బడి రిజిస్టర్ల ఎల్లయ్య. మతం మారినా వాడ మారలేదు, అంటరానితనం పోలేదు. పోయింది హక్కొక్కటే. రెండో పేరు ఎందుకని ఎల్లయ్యను కాదు, ఆ ఉత్తర్వును అడగాలంటున్నాం మేము.