కితాబుల్ ఇతిబార్ — ఒక వృద్ధ యోధుడు చెప్పిన గుణపాఠం

పూర్వకాలపు యుద్ధచరిత్రలు చదివేటప్పుడు మన దృష్టి సాధారణంగా గెలుపోటముల మీదనే నిలుస్తుంది. కత్తి పట్టిన మనిషి ముసలితనంలో ఏమి తలపోశాడన్నది చాలా గ్రంథాలలో కనిపించదు. ఆ లోటు తీర్చే అరుదైన గ్రంథం ఉసామా బిన్ మున్ఖిద్ రచించిన 'కితాబుల్ ఇతిబార్'.

ఉసామా సిరియాలోని షైజర్ కోటను ఏలిన కుటుంబంలో క్రీ.శ. 1095 (హి. 488)లో జన్మించాడు. ఐరోపాలో మొదటి సిలువ యుద్ధానికి పిలుపు వెలువడింది ఆ ఏడే. 1188 (హి. 584)లో ఆయన డమాస్కస్‌లో మరణించాడు. 1099లో బైతుల్ మఖ్దిస్ చేజారడం, 1187లో సలాహుద్దీన్ దానిని తిరిగి సాధించడం, రెండూ ఆయన జీవితకాలంలోనే జరిగాయి.

ఆయన ఎదుర్కొన్న నష్టాలు యుద్ధరంగంలోనివి మాత్రమే కావు. 1154లో ఈజిప్టు విడిచి డమాస్కస్ చేరిన తరువాత, ఆయన కుటుంబం సముద్రమార్గాన బయలుదేరింది. ఫ్రాంకుల రాజు అభయమిచ్చినా ఓడ దోపిడీకి గురయింది. ఆలుబిడ్డలు ప్రాణాలతో చేరారు గాని నాలుగు వేల గ్రంథాలు పోయాయి. సొమ్ము పోయినందుకు చింతించలేదనీ, పుస్తకాలు పోయిన బాధ మాత్రం జీవితాంతం మిగిలిందనీ ఆయన చెప్పుకున్నాడు. 1157 నాటి భూకంపంలో షైజర్ కోట కూలి, అక్కడున్న బంధువర్గమంతా దాదాపు నశించింది. ఉసామా అప్పుడు అక్కడ లేడు.

ఈ గ్రంథంలోని ప్రధాన విషయం ఇక్కడే ఉంది. ఎన్నో యుద్ధాలలో బల్లెం పట్టిన మనిషి తొంభై ఏళ్లు బ్రతికాడు; కోటగోడల మధ్య క్షేమంగా ఉన్నవారు క్షణంలో పోయారు. సాహసం వల్ల ఆయుష్షు తగ్గదు, జాగ్రత్త వల్ల పెరగదు, 'అజల్' అల్లాహ్ నిర్ణయమే అని ఆయన పదే పదే అంటాడు. బల్లెం తిప్పిన చేయి ఇప్పుడు కలం పట్టడానికే వణుకుతున్నదని దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు.

తాను స్వహస్తాలతో వ్రాసిన ఖుర్ఆన్ ప్రతులను సమాధిలో తన చెంప క్రింద ఉంచమని తండ్రి కోరినట్లు కూడా ఉసామా వ్రాశాడు. పాఠకులు దీనిని షరీఅత్ ఆదేశంగా భావించరాదు. అది ఒక భక్తుని కోరిక మాత్రమే. చరిత్ర గ్రంథాన్ని చరిత్రగానే చదవాలి. పైగా ఇది ముదిమిలో జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పినది గనుక, ఇతర చరిత్రకారుల రచనలతో సరిచూసుకోవడం అవసరం.

'ఇతిబార్' అంటే జరిగినదాని నుండి గుణపాఠం గ్రహించడం. సూరా హష్ర్ రెండవ ఆయతులోని ఆదేశం ఈ ధాతువు నుండి వచ్చినదే. యుద్ధకథను వినోదానికి చదివితే పుస్తకంతోనే అది ముగుస్తుంది. ఇతిబార్‌తో చదివితే మన ఇంట్లోని వృద్ధుని ప్రక్కన కూర్చుని, ఆయన చెప్పేది ఓపికగా వినాలనిపిస్తుంది.