అంధులకు కావలసినది పని

గద్వాల యనగానే తెలుగు గృహిణికి చీర తలపునకు వచ్చును. నడుమ నూలు, అంచున పట్టు; ఈ రెంటిని పేకకు పేక మెలివేసి సందు తెలియకుండ కలుపుటయే ఆ చీర గొప్పతనము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ సీమలో అట్టి పని చేయు నేతగానికి కన్నే పెట్టుబడి. వార్ధక్యముననో వ్యాధిచేతనో ఆ కన్ను మందగించిననాడు అతడు మగ్గము దిగవలసినదే. చూపు పోయినను చేతిలోని నేర్పు పోలేదు గదా! దానికి తగిన పని మరియొకటి కలదా? కలదు. అది కుంచెలు, బురుసులు కట్టు పని.

బురుసు తయారగు విధమును మన పాఠకులలో పలువురు గమనించి యుండరు. కొయ్యదిమ్మకు వరుసగా బెజ్జములు వేయుదురు. పనివాడు బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పట్టినంత పీచు తీసి, దానిని సన్నతీగ మడతలో నుంచి, ఆ తీగను బెజ్జము గుండ వెనుకకు లాగును. పీచు మధ్యకు మడిగి బెజ్జమున బిగియును. తీగ తెగకుండ తరువాతి బెజ్జమునకు సాగును. తుదకు వెనుక పలక నమర్చి, పీచుకొనలను కత్తిరించి సమము చేయుదురు. ఇందు చూపు లేనిదే జరుగని పని యెంత? బెజ్జమును వ్రేలికొన కనుగొనును. పీచు పాళమును వ్రేళ్ళసందు నిర్ణయించును. బిగువును చేయి యెరుగును. ఒక్క కుచ్చు పలుచనైనను అరచేత తడవిన తెలియును.

ఈ సంగతి లోకము చాలకాలము క్రిందటనే గ్రహించినది. 1784లో పారిస్ నగరమున వాలెంతిన్ ఆయూయి అంధులకు విద్య గరపుట కారంభించెను. 1791లో లివర్‌పూల్ నందును, 1793లో ఎడింబరో నందును అంధులకై సంస్థలు వెలసి చేతిపనులు నేర్పినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బెర్లిన్‌లో ఆటో వైట్ అనునతడు, తానును చూపు మందగించినవాడే, చీపుళ్ళు బురుసులు చేయు కర్మశాలను నడిపి, అంధులును బధిరులునైన యూదులను పనివారినిగ నిలుపుకొనెను. సైన్యమునకు ఆ బురుసులు కావలసియుండుటచే వీరి పని అవసరమను మాటయే వారికి కొంతకాలము రక్షయైనది. అందరిని కాపాడలేకపోయినను కొందరిని మృత్యుముఖమునుండి తప్పించెను. మన దేశమున యుద్ధమున చూపు కోల్పోయిన సైనికులకై 1943లో డెహ్రాడూన్‌నందు శిక్షణాలయము నెలకొల్పబడెను. 1950లో అచ్చటనే వయోజనులైన అంధులకు శిక్షణ కేంద్రమేర్పడెను.

సరకునకు మనము పరదేశములను వెదకనక్కరలేదు. తాటిమట్ట మొదట తీసిన గట్టినార ఒకనాడు కాకినాడ రేవునుండి ఐరోపా బురుసుల కర్మాగారములకు ఓడలమీద పోయెడిది. నార మనది, పని, కూలి, లాభము మాత్రము వారివి. కొబ్బరిపీచు సంగతి చెప్పనక్కరలేదు.

యంత్రమును నైలాను పోగును వచ్చిన పిమ్మట చేతి బురుసు నెవరు కొందురని కొందరందురు. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. అగ్గువ సరకుతో అంధుని పోటీకి దింపి, ఓడినవానికి జాలితో నాలుగు రూకలు విసరుట ధర్మము కాదు. గోడలకు సున్నము వేయు కుంచె, పడుగునకు గంజి పెట్టి దువ్వు నేతగాని కుంచె, యంత్రభాగములు తుడుచు బురుసు మొదలగు ప్రత్యేకపు పనిముట్లకు గట్టితనమే ప్రధానము. అట్టివానిని ఎంచి, పాళము తప్పినదానిని త్రిప్పిపంపి, నిలిచినదానికి నిండు వెల నీయవలెను. అంధులను ఒక కొట్టములో చేర్చి లోకమునకు దూరము చేయుటయు తగదు. నేర్చినవాడు తన యూరనే, తనవారి నడుమనే పని చేసికొనవలెను.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున చూపునకు సంబంధించిన వైకల్యము గలవారు 50 లక్షలకు మించినారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సర్కారు కొలువులలో నూటికి నాలుగు వికలాంగులకు కేటాయించి, అందొకటి అంధులకును మందదృష్టి గలవారికిని ప్రత్యేకించినది. ఆ కొలువులు కొందరికే. తక్కినవారి కూడు గ్రామమును పట్టణమును చూడవలసినదే.

గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల యను పేరు కలదు. వచ్చిన పండితుని నేర్పును పరీక్షించి, దానికి తగిన సన్మానము చేసిరే గాని భిక్ష వేయలేదు. ఆ మర్యాదయే నేడు అంధుని చేతిపనికిని చెల్లవలెను. పురపాలక సంఘములు, దేవస్థానములు, మిల్లుల యజమానులు ఏటేట తాము కొను బురుసులలో కొంత పాలు వీరికని నిర్ణయించిన చాలును. సంక్రాంతికి ముందు లోగిలికి సున్నము వేయించు భూస్వామియు ఈ యేడు కుంచె కొనునప్పుడు, అది యెవరి చేతిదని ఒక్కసారి అడిగి చూడవలెను.