బ్రాడ్ పిట్ ఉన్నా బొమ్మ థియేటర్‌కి రాలేదేంటి?

మొన్న మా బాబాయి కొడుకు పుణె నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, బ్రాడ్ పిట్‌ది ఎఫ్1 ఇక్కడ థియేటర్‌లో చూశాం కదా, ఆయనదే వుల్ఫ్స్ అని ఇంకోటి ఫోన్‌లో కనిపించింది. పక్కన జార్జ్ క్లూనీ కూడా ఉన్నాడు. ఇంత పెద్దోళ్లు ఇద్దరున్న సినిమా థియేటర్‌లోకి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది? అంత ఘోరంగా ఫ్లాప్ అయ్యిందా?" అన్నాడు.

ఫ్లాప్ అవ్వాలంటే ముందు సరిగ్గా రిలీజ్ అవ్వాలి కదండి. అసలు కథ అక్కడే ఉంది.

2024 ఆగస్టు. వుల్ఫ్స్ సెప్టెంబర్ 20న పెద్ద ఎత్తున వస్తుందని అందరూ ఫిక్స్ అయిపోయారు. డబ్బు పెట్టింది ఆపిల్, థియేటర్లకి పంపే బాధ్యత సోనీది. సరిగ్గా ఆరు వారాల ముందు ఆపిల్ ప్లాన్ మార్చేసింది. అమెరికాలో కొన్ని థియేటర్లలో ఒక్క వారం ఆడించి, సెప్టెంబర్ 27 నుంచి ఆపిల్ టీవీ ప్లస్‌లో పెట్టేస్తాం అని చెప్పింది. థియేటర్ రిలీజ్ గట్టిగా ఉండాలని తామిద్దరం రెమ్యూనరేషన్‌లో కొంత వదులుకున్నామని క్లూనీ అంతకు ముందే చెప్పుకున్నాడు. అయినా మారిపోయింది. డైరెక్టర్ జాన్ వాట్స్, మూడు స్పైడర్‌మ్యాన్ సినిమాలు తీసిన మనిషి, సీక్వెల్ కోసం తీసుకున్న డబ్బు వెనక్కి ఇచ్చేశాడు. వాళ్ల మీద నమ్మకం పోయిందని బయటికే చెప్పేశాడు.

అదే ఆపిల్, అదే బ్రాడ్ పిట్, ఏడాది కూడా తిరగకుండా 2025 జూన్‌లో ఎఫ్1 తెచ్చారు. అది ప్రపంచమంతా రిలీజ్ అయ్యింది, 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కాబట్టి తేడా హీరోలో లేదు. మరి ఎక్కడుంది?

మనవాళ్లకి ఇది చెప్పడం తేలిక, ఎందుకంటే గ్రాస్ వేరు, షేర్ వేరు అని ఇక్కడ చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఒక లెక్క వేసుకుందాం. అంకెలు నా ఊహ, విషయం అర్థం కావడానికే. సినిమా తీయడానికి 100 రూపాయలు అయిపోయింది. ఇప్పుడు అన్ని ఊళ్లలో వేయాలంటే పబ్లిసిటీకి ఇంకో 50 పెట్టాలి. టికెట్ల మీద 80 వచ్చింది. థియేటర్ వాళ్ల వాటా పోగా చేతికొచ్చేది సుమారు 40. అంటే బయట 80 వచ్చిందని పోస్టర్ వేసుకున్నా, రిలీజ్ చేసిన పాపానికి జేబులోంచి 10 పోయింది. మొదటి 100 ఎలాగూ పోయిందే, దాన్ని ఇక్కడ కలపట్లేదు. రిలీజ్ చేయాలా వద్దా అని కూర్చున్నప్పుడు టేబుల్ మీద ఉండేది ఆ రెండో ఖర్చు ఒక్కటే. మామూలు ప్రొడ్యూసర్‌కి వేరే దారి ఉండదు, ఎలాగోలా రిలీజ్ చేస్తాడు. సొంత యాప్ ఉన్న కంపెనీకి అలా కాదు. నెలనెలా డబ్బు కట్టే జనం ముందే ఉన్నారు, వాళ్లని నిలబెట్టుకోవడానికే సినిమా కొంటుంది.

ఆపిల్‌కి అప్పటికే చెయ్యి కాలింది. 2024 ఫిబ్రవరిలో ఆర్గైల్ వచ్చింది, 20 కోట్ల డాలర్ల ప్రాజెక్టు అన్నారు, 10 కోట్లు కూడా దాటలేదు. జులైలో స్కార్లెట్ జోహాన్సన్‌తో ఫ్లై మీ టు ద మూన్, అదీ పోయింది. ఇంకో మాట ఎవరూ పైకి అనరు. థియేటర్‌లో పోతే సోమవారం పొద్దున్నే అంకెతో సహా లోకమంతా తెలుస్తుంది. యాప్‌లో పోతే ఎంతమంది మధ్యలో కట్టేశారో ఎవరికి తెలుసు? స్టార్ ఎంత పెద్దవాడైతే ఆ పరువు భయం అంత ఎక్కువ అని నా అనుమానం.

మరి ఆ ఒక్క వారం మాత్రం ఎందుకు? కొన్నిసార్లు ఆస్కార్ కోసం. పోటీలో నిలవాలంటే అమెరికాలో వాళ్లు చెప్పిన ఆరు పెద్ద నగరాల్లో ఒకచోటైనా వరసగా 7 రోజులు, రోజుకి కనీసం 3 ఆటలు పడాలి. బెస్ట్ పిక్చర్‌కి ఇప్పుడు ఇంకా ఎక్కువే అడుగుతున్నారు. కొన్నిసార్లు హీరోకి, డైరెక్టర్‌కి ఇచ్చిన మాట కోసం. 2022లో నెట్‌ఫ్లిక్స్ గ్లాస్ ఆనియన్‌ని 600కి పైగా థియేటర్లలో వేసింది. జనం బాగానే వచ్చారు, అయినా వారానికే తీసేసింది. దాన్ని ప్రచారంగానే చూసింది మరి.

ఇంకో రకం కూడా ఉంది, చెప్పడానికి మనసు ఒప్పదు. బ్రూస్ విల్లిస్ చివరి రోజుల్లో చేసిన చిన్న సినిమాలు. పోస్టర్ నిండా ఆయనే, సినిమాలో కాసేపే. గుప్పెడు థియేటర్లలో పడి, అదే రోజు ఆన్‌లైన్‌లో అద్దెకి వచ్చేసేవి. ఆ ముఖం చూపించి వేరే దేశాల హక్కులు ముందే అమ్ముకోవడమే వ్యాపారం. చెత్త సినిమాలకి అవార్డులిచ్చే రాజీస్ వాళ్లు 2021లో ఆయన చేసిన 8 సినిమాల మీద ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టి ఎగతాళి చేశారు. 2022 మార్చిలో ఆయనకి మాటలు తడబడే జబ్బు, అఫేజియా, ఉందని కుటుంబం చెప్పాక వెనక్కి తీసుకున్నారు.

ఇప్పటిదాకా కంపెనీ వద్దనుకున్న కథలే చెప్పాను. థియేటర్ వాళ్లే వద్దన్న సందర్భాలూ ఉన్నాయి. 2019లో మార్టిన్ స్కోర్సెసీ తీసిన ది ఐరిష్‌మ్యాన్. రాబర్ట్ డి నీరో, అల్ పచినో, జో పెషీ. నవంబర్ 1న థియేటర్, 27న నెట్‌ఫ్లిక్స్. అప్పట్లో థియేటర్లకి, ఇంటికి మధ్య మూడు నెలల దాకా గ్యాప్ ఉండేది. ఇరవై ఆరు రోజులకే ఇంట్లో వస్తే మా దగ్గరికి ఎవడొస్తాడు అని అక్కడి పెద్ద చైన్లు ఒప్పుకోలేదు. చివరికి న్యూయార్క్‌లో నాటకాలాడే బెలాస్కో థియేటర్ తీసుకుని సినిమా వేసుకున్నారు!

ఇదంతా హాలీవుడ్ గొడవ, మనకెందుకు అంటారా? మా పుణె తమ్ముడికి తగిలింది కూడా ఇదే దెబ్బ. 2023 అక్టోబర్‌లో విజయ్ లియో వచ్చింది. వాడి రూమ్మేట్లు హిందీ వాళ్లు, అందరూ కలిసి మాల్‌కి పోదామనుకున్నారు. హిందీ ఆట లేదు. విజయ్ లాంటి స్టార్ సినిమా, మాల్‌లో ఖాళీ స్క్రీన్లు ఉన్నాయి, అయినా లేదు. కారణం అదే గ్యాప్. హిందీలో వేయాలంటే ఓటీటీకి ఎనిమిది వారాలు ఆగాలని దేశవ్యాప్త మల్టీప్లెక్స్ చైన్ల కండిషన్. మన సౌత్‌లో నాలుగు వారాలకే ఇచ్చేయడం అలవాటు, తొందరగా ఇస్తే ఓటీటీ ఇచ్చే రేటు ఎక్కువ కాబట్టి. లియో ఐదు వారాలకి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. అందుకే హిందీలో సింగిల్ స్క్రీన్లతో సరిపెట్టుకుంది. వీళ్లు ఎక్కడో దూరంగా ఉన్న సింగిల్ స్క్రీన్‌కి సెకండ్ షోకి పోయారు. సౌండ్ బాగాలేదట, ఈలలు మాత్రం బాగున్నాయట.

ఈసారి పెద్ద స్టార్ సినిమా మీ ఊరికి రాకపోతే, బాలేదేమో అని వెంటనే అనుకోకండి. టీజర్‌లో మొదట పడే లోగో ఎవరిదో చూడండి, ఓటీటీ డేట్ చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. థియేటర్ వాళ్లని తిట్టేముందు వాళ్ల వైపు కూడా చూడాలి. కరెంటు బిల్లు, స్టాఫ్ జీతాలు సినిమా ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. 2021లో నాని టక్ జగదీష్ నేరుగా ఓటీటీకి పోతోందని తెలంగాణ ఎగ్జిబిటర్లు ప్రెస్‌మీట్ పెట్టి మరీ గొడవ చేశారు. నాకు అప్పుడు అతి అనిపించింది. ఇప్పుడు అంతగా అనిపించట్లేదు.

అదే ఏడాది జులైలో వెంకటేష్ నారప్ప కూడా నేరుగా ప్రైమ్‌లో వచ్చింది. 2022 డిసెంబర్ 13న, ఆయన పుట్టినరోజుకి, ఒక్క రోజు థియేటర్లలో వేశారు. ఏడాదిన్నరగా ఫోన్‌లో ఉన్న సినిమా అండి, అయినా ఫ్యాన్స్ టికెట్ కొనుక్కుని పోయారు. మీలో ఎవరైనా ఆ రోజు పోయి ఉంటే, హాల్ ఎలా ఉందో నాకు చెప్పండి. ఉంటాను మరి.